చింతగింజలా, పాచికా?

మీది జగిత్యాల అయినా, కోరుట్ల అయినా, సిరిసిల్ల అయినా అష్టాచెమ్మా గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. బండమీద సుద్దముక్కతో 25 గళ్ళు గీస్తే ఆట సిద్ధం. గింజలు దొరక్కపోతే అంగడిలో కొన్న పాచిక వేద్దామంటారు మీరు. "అదేం ఆట!" అంటుంది అమ్మమ్మ. ఇది ఉత్త చాదస్తమేనా? లెక్కవేసి చూద్దాం.

ఒకవైపు అరగదీసి తెల్లగా చేసిన చింతగింజలు నాలుగు వేస్తే 16 రకాలుగా పడవచ్చు. రెండు తెలుపు వచ్చే రకాలు 6. నాలుగూ తెలుపైతే చెమ్మా, అంటే 4. నాలుగూ నలుపైతే అష్టా, అంటే 8. ఒక్కొక్కదానికీ 16లో ఒక్కటే అవకాశం. అష్టా పడితే ఆ కేరింతలు అందుకే! పాచికకు ఆరు ముఖాలూ సమానమే. 8 అసలే లేదు.

ఇలాంటి తగాదా అమెరికాలోనూ ఉంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో మీరే వీరుడో, మాంత్రికుడో అయి కథ నడపాలి. మీ బలమెంతో, తెలివెంతో మూడు పాచికల మొత్తం చెబుతుంది. 18 రావడానికి 216లో ఒక్కటే అవకాశం. 2000లో వచ్చిన మూడవ కూర్పులో నాలుగు పాచికలు వేసి, అన్నిటికన్నా చిన్నదాన్ని వదిలేయమన్నారు. ఇప్పుడు 1296లో 21, అంటే సుమారు 62లో ఒకటి! మహాబలులు చవకైపోయారు. పాత కూర్పునే పట్టుకున్నవాళ్ళు నేటికీ ఉన్నారు. బక్కవీరుడితో నెగ్గుకురావడంలోనే మజా ఉందంటారు.

అన్నట్టు, అరిగిన గింజ రెండువైపులా సమానంగా పడకపోవచ్చు. ఒక గింజను 100 సార్లు వేసి, తెలుపు ఎన్నిసార్లో రాసుకోండి. మీ ఇంటి అష్టా ఎంత అరుదో అప్పుడు తేలుతుంది.