మనసులో ఒక పాత్రను అనుకోండి!

సినిమా వాళ్ళు వద్దు, టీవీ సీరియల్ పాత్రే కావాలి. పేరు పైకి చెప్పకండి. చుట్టూ కూర్చున్నవాళ్ళు ప్రశ్నలడుగుతారు. మీరు ‘అవును’, ‘కాదు’ అని మాత్రమే అనాలి. ఇరవై ప్రశ్నల్లోపు పట్టుకుంటే వాళ్ళు గెలిచినట్టు, లేకపోతే మీరు. అంతే ఆట!

మన పొడుపు కథకు చెల్లెలి వరసే ఇది. అమెరికాలో 1946లోనే ‘ట్వంటీ క్వశ్చన్స్’ పేరుతో రేడియో కార్యక్రమంగా వచ్చింది. ఇరవై ఏం సరిపోతాయి అనుకోకండి. ప్రతి జవాబుకీ సగం పేర్లు ఎగిరిపోయేలా అడిగితే, పది లక్షల పేర్లలోంచైనా ఒకటి తేలుతుంది. అందుకే ‘మోనితేనా?’ అని మొదటే దూకేవాళ్ళకంటే ‘ఆడమనిషేనా?’, ‘డాక్టరా?’ అంటూ నెమ్మదిగా నరుక్కొచ్చేవాళ్ళే గెలుస్తారు.

‘కార్తీకదీపం’ అభిమానులు నలుగురు చేరితే ఈ ఆట మరీ రంజుగా ఉంటుంది. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచిన సీరియల్ కదా, పాత్రలన్నీ మనింట్లో వాళ్ళంత పరిచయం. అయినా చిక్కులొస్తాయి. సౌందర్యను అనుకున్నారనుకోండి. ‘మంచిదా?’ అని అడిగారు. ఏమని చెబుతారు? దీప నల్లగా ఉందని మొదట్లో ఈసడించుకున్నది ఆవిడే. కొడుకు అనుమానించి దూరం పెట్టాక కోడలి పక్షాన నిలబడ్డదీ ఆవిడే. ‘అవును’ అంటే ఒకరు ఒప్పుకోరు, ‘కాదు’ అంటే ఇంకొకరు ఒప్పుకోరు. ఆట ఆగిపోతుంది, కాఫీలు చల్లారిపోతాయి. నా ఓటు మాత్రం సౌందర్యకే. ఆమాత్రం మారే అత్తగార్లు ఎందరుంటారు చెప్పండి!

‘బతికే ఉందా?’ అన్న ప్రశ్న మాత్రం శుద్ధ దండగ. 2022లో కార్తీక్, దీప పోయారని చూపించి, అదే ఏడాది ఇద్దర్నీ తిరిగి తీసుకొచ్చారు మరి.

ఈ ఆటలోనే ఇంకో రకం ఉంది, ‘తర్వాత ఏమవుతుంది?’ అని. సీరియల్ నడిచే రోజుల్లో మా మేడమీద ఇదే కాలక్షేపం. కార్తీక్‌కి పిల్లలు పుట్టరని మోనిత నమ్మించింది, ఆయన భార్యను అనుమానించాడు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తేలిపోయేదానికి ఇన్నేళ్ళా అని అందరం నవ్వుకునేవాళ్ళం. ఆయన ఎప్పుడు చేయిస్తాడో అని పల్లీ ఉండలు పందెం కూడా కాశాం!

ఒకరోజు ప్రశ్న మారింది. ‘నిజం తెలిశాక కార్తీక్ వచ్చి పిలిస్తే దీప వెళ్తుందా?’ అందరం ‘వెళ్తుంది’ అనేశాం. సీరియల్ సంగతి మనకు తెలియనిదా! ఎప్పుడూ ఓ మూల కూర్చుని వినడమే తప్ప నోరు విప్పని కింది పోర్షన్ ఆవిడ మాత్రం ‘వెళ్ళకూడదు’ అంది.

‘అదేంటండీ?’

‘పెళ్ళాం మాట నమ్మనివాడు కాగితం చూసి నమ్మాడు. రేపు ఎవరైనా ఇంకో కాగితం చూపిస్తే?’

ఎవరమూ మాట్లాడలేదు. ఆవిడ సంసారం గురించి అడగనూ లేదు. ఆ తర్వాత మాత్రం దీప పేరు చెప్పుకుని ఆవిడ చాలా మాట్లాడేది.

అప్పట్నుంచి మాకో నియమం ఉంది. మీరూ పెట్టుకోండి. పాత్ర గురించి అన్నమాటను అన్నవాళ్ళ ఇంటికి అంటగట్టకూడదు. ‘మీకూ అలాగే జరిగిందా?’ అని ఎవరైనా నోరు జారితే వాళ్ళు ఆటలోంచి అవుట్. ఆ పూట అందరికీ కాఫీ కలపాల్సిందీ వాళ్ళే.