గోడలు లేని కార్యాలయం

కార్యాలయమనగానే మన కనుల ముందు మెదలే చిత్రం సామాన్యంగా ఒక్కటే. ఇరుకైన గదులు, తలుపునకు వేలాడే పరదా, వాకిట బల్లపై బంట్రోతు, గోడవారగా ఇనుప బీరువాలు. ఈ చిత్రం క్రమంగా మారుతున్నది. నడిమి గోడలను తొలగించి, విశాలమైన ఒకే హాలులో అందరినీ కూర్చుండబెట్టే పద్ధతి నగరాల నుండి మన పట్టణాలకూ వ్యాపించింది. దీనినే ఓపెన్ ప్లాన్ కార్యాలయమంటారు. 2019 అక్టోబరు 2న మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు ఆరంభమైన పిమ్మట, వివిధ శాఖల ఉద్యోగులు ఒకే కప్పు క్రింద పనిచేయుట పల్లెప్రజలకు కూడ పరిచితమైనది. మన విద్యార్థులలో అనేకులు రేపు ఇట్టి హాళ్లలో ఉద్యోగం చేయవలసినవారే. కొందరు వాటిని నిర్మించవలసినవారు. కనుక దీని మంచిచెడ్డలను విచారించుట అవసరమని భావిస్తున్నాము.

నిజానికి గోడలు లేని కార్యాలయం మనకు కొత్తది కాదు. జంఖానా పరచి, చిన్న డెస్కులు ముందుంచుకొని గుమాస్తాలు, మున్షీలు వరుసగా కూర్చుండి లెక్కలు వ్రాసిన కచేరీలు మన పెద్దలెరిగినవే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించి కర్నూలు రాజధాని అయినప్పుడు, చాలినన్ని భవనాలు లేక ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని డేరాలలో నడిచినవి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదునకు తరలిపోగా ఆ డేరాల అవసరం తీరింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతంలో మరల కొత్త కార్యాలయాలకు చోటు చూడవలసి వచ్చింది. ఈ రెండు ఉదంతాలలోనూ గమనించదగిన విషయం ఒకటున్నది. పని మారుతుంది, పనిచేసేవారి సంఖ్య మారుతుంది. ఒకసారి కట్టిన గోడ మాత్రం అక్కడనే నిలిచిపోతుంది.

పాశ్చాత్యులు కూడ ఈ సమస్యపై చిరకాలంగా ప్రయోగాలు గావించినారు. 1906లో అమెరికాలోని బఫెలో నగరంలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ నిర్మించిన లార్కిన్ భవనంలో గుమాస్తాలు, టైపిస్టులు పైనుండి వెలుతురు పడే పెద్ద హాలులో కూర్చుండేవారు. 1950వ దశకం చివర జర్మనీలో ష్నెల్లె సోదరులు, పని సాగే తీరును బట్టి బల్లలను అమర్చి, నడుమ మొక్కలుంచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినారు. 1968లో రాబర్ట్ ప్రాప్స్ట్ రూపొందించిన, జరుపుటకు వీలైన అడ్డుపలకలు ఉద్యోగికి స్వేచ్ఛనీయడానికే పుట్టినవి. అయితే స్థలం పొదుపు చేయదలచిన యజమానులు వాటితోనే మనుషులను చిన్న చిన్న గూళ్లలో ఇరికించినారు. సాధనం మంచిదైనను, దానిని వాడే ఉద్దేశమే ఫలితాన్ని నిర్ణయించింది.

మరి మన ప్రాంతంలో ఇట్టి హాలును ఏ రీతిగా అమర్చవలెను? మొదట చూడవలసినది వెలుతురు. కిటికీ పై అంచు నేల నుండి ఏడడుగుల ఎత్తున ఉంటే, దాని ద్వారా సుమారు పదునాలుగు అడుగుల లోపలి వరకు పనికివచ్చే వెలుతురు ప్రసరిస్తుంది. కనుక వెడల్పు మితంగా ఉంచి, ఉత్తర దక్షిణాల కిటికీలు పెట్టి, పడమటి ఎండను అడ్డగించినచో పగటివేళ దీపాలతో పని తక్కువ. వేడిగాలి పైకి లేచిపోవుటకు కప్పు దగ్గర వెంటిలేటర్లు ఉండవలెను. బల్లలన్నీ ఒకే కొలతలో ఉంటే నాలుగు కలిపితే సమావేశపు బల్ల, విడదీస్తే నలుగురి పనిచోటు అవుతుంది. మేకులకు బదులు మరలతో బిగించినచో ఊరి వడ్రంగియే విప్పి బాగుచేయగలడు. విద్యుత్ ప్లగ్గులను గోడల వెంట తగినంత దూరానికొకటిగా ముందే అమర్చుకొనుట మేలు. లేకున్న బల్ల జరిపిన ప్రతిసారీ గోడ పగులగొట్టవలసి వస్తుంది.

సామగ్రి కొరకు దూరం పోనక్కరలేదు. బేతంచెర్ల బండలు మన జిల్లావే. రాతిని మలచే శిల్పులు ఆళ్లగడ్డలోనే ఉన్నారు. దగ్గర దొరికే వస్తువు తరతరాలు మన్నితే వ్యయము, రవాణా ఇంధనము రెండూ మిగులుతవి. హైదరాబాదులో 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇందుకు చక్కని ఉదాహరణ. అమెరికా వెలుపల ప్లాటినం స్థాయి పర్యావరణ గుర్తింపు పొందిన మొదటి భవనం అది. అందలి జాలీలు, నడిమి ముంగిలి, గాలి గోపురాలు మన పూర్వుల ఇండ్లలోని ఉపాయాలకు నేటి రూపాలే.

ఇంతవరకు గుణాలు చెప్పితిమి. దోషాన్ని దాచరాదు. రాతినేల, సున్నపుగోడ శబ్దాన్ని తిప్పికొడతవి. ఒకరి మాట హాలంతా వినిపిస్తుంది. 2018లో బెర్న్‌స్టీన్, టర్బన్ అనే పరిశోధకులు ప్రకటించిన అధ్యయనంలో, గోడలు తీసివేసిన కార్యాలయాలలో ముఖాముఖి సంభాషణ సుమారు 70 శాతం తగ్గినట్లు తేలింది. నలుగురూ వింటారనే సంకోచంతో పలుకరింపులే తగ్గుట వింతగా తోచినను, ఆలోచిస్తే సహజమే. జంఖానాలు, కొబ్బరిపీచు చాపలు, కాగితపు కట్టలతో నిండిన తెరచిన అలమరలు శబ్దాన్ని కొంతవరకు అణచగలవు.

అయితే అంతకన్న ముఖ్యమైనది మరొకటున్నది. కార్యాలయానికి వచ్చేవారందరూ ఉద్యోగులు కారు. ఉపకారవేతనం కోరి వచ్చిన విద్యార్థి తన తండ్రి రాబడి ఎంతో, పింఛను కోరి వచ్చిన వితంతువు తన ఇంటి స్థితి ఏమిటో, పదిమంది వింటుండగా చెప్పుకొనవలసి వస్తే వారిలో కొందరు చెప్పకనే వెనుదిరుగుతారు. రావలసిన సహాయం ఆ విధంగా జారిపోతుంది. కావున ఎంతటి విశాలమైన హాలులోనైనను, తలుపు గల చిన్న గది ఒకటి, అందులో ఎదురెదురుగా రెండు కుర్చీలు తప్పనిసరిగా ఉండవలెను. ఆ గది అధికారి హోదా కొరకు కాదు, అర్జీదారు గౌరవం కొరకు.

కళాశాల కార్యాలయాన్ని గాని పఠన మందిరాన్ని గాని సవరించే తరుణం వచ్చినప్పుడు పాలకవర్గంవారు బల్లల లెక్కతోపాటు ఈ రెండు కుర్చీల లెక్క కూడ చూడవలెనని మా మనవి. విద్యార్థులు సైతం తాము అడుగుపెట్టే ప్రతి కార్యాలయంలోను వెలుతురు ఎటునుండి వస్తున్నదో, మాట ఎంతదూరం పోతున్నదో గమనించుట అలవరచుకొందురు గాక!