కోనసీమ కొబ్బరి కథ
కోనసీమ అంటే మీకు కొబ్బరితోటలే గుర్తొస్తాయి కదూ! గోదావరి పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న దీవి అది. నేల గోదారమ్మ తెచ్చిపోసిన ఒండ్రే అయినా, ఆ పచ్చదనమంతా దానంతటదే రాలేదండీ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ రోజుల్లోనే గన్నవరం దగ్గర వంతెనలాంటి అక్విడెక్టు కట్టి, కాలవ నీటిని వైనతేయ పాయ మీదుగా అవతలి దీవికి దాటించారు! కాలవగట్లనిండా కొబ్బరి లేచింది.

ఆ కొబ్బరే ఇల్లు నడిపింది. ఆకు పందిరికి, ఈనెలు చీపురుకి, డొక్కలు పొయ్యిలోకి, పీచు తాళ్ళకి. ఇక కోరు పడని కూర అక్కడివాళ్ళకి రుచిస్తుందా?

1996 నవంబరు 6 తుఫానుకి లక్షల చెట్లు కూలిపోయాయి. దేశవాళీ మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. అన్నాళ్ళూ ఇల్లాలు సంసారం ఎలా ఈదాలి? తోటల్లో అరటి, కంద వేసుకుంటూ, మళ్ళీ కొబ్బరే నాటారు.