క్యాన్సిల్ అయ్యేది వీసానా, మనిషా?

గల్ఫ్‌కొచ్చిన మనవాళ్లకు ఇంగ్లీషు రాకపోయినా ఒక మాట మాత్రం త్వరగానే నోటికొచ్చేస్తుంది. అదే 'క్యాన్సిల్'. ఊళ్లో రైలు టిక్కెట్టు క్యాన్సిల్ అవుతుంది, పెళ్లిచూపులు క్యాన్సిల్ అవుతాయి. మా సైట్లలో మాత్రం మనిషే క్యాన్సిల్ అవుతాడు! 'ఆ అన్న క్యాన్సిల్ అయిపోయిండు' అంటే పని వదిలి ఇంటికి పోయాడని. సెలవు మీద పోయి తిరిగొచ్చేదైతే అది 'చుట్టీ'.

ఈ ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్. అందులో జాలీ అనే అర్థముంది. రాసినదాని మీద జాలీలా అడ్డంగా, నిలువుగా గీతలు కొట్టేయడమే క్యాన్సిల్ చేయడం. పాత డ్రాయింగు మీద మేము కొట్టే ఇంటూ గుర్తు లాంటిదే. మన 'రద్దు' కూడా పరాయి మాటే. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన దాకా వచ్చింది.

ఇంగ్లీషులో క్యాన్సిల్ అంటే 'దేన్ని?' అనే ప్రశ్నకు జవాబుండాలి. మనం ఆ 'దేన్ని' వదిలేసి మాట్లాడతాం. చిక్కంతా అక్కడే. రద్దయ్యేది వర్క్ పర్మిట్, వీసా. చేసిన చాకిరీ రద్దు కాదు, రావలసిన డబ్బూ రద్దు కాదు.

యూఏఈ సంగతే చూడండి. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం, ప్రైవేటు కంపెనీలో ఫుల్‌టైం పనిచేసే విదేశీ కార్మికుడికి ఏడాది సర్వీసు నిండితే గ్రాట్యుటీ హక్కు. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆపైన ఏడాదికి 30 రోజులది. అంటే అయిదేళ్లు చేసినవాడికి 105 రోజుల బేసిక్. రాజీనామా చేసినా పోదు. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో జీతం బకాయిలతో సహా చెల్లించాలి. ఓవర్‌టైం, అలవెన్సులు మాత్రం ఈ లెక్కలోకి రావు.

మనవాళ్లు టిక్కెట్టు చేతికొచ్చిన సంతోషంలో క్యాన్సిల్ కాగితం మీద చకచకా సంతకం పెట్టేస్తారు. 'బకాయిలన్నీ ముట్టాయి' అని అందులో రాసి ఉంటే, తర్వాత అడగడం కష్టమవుతుంది. అందుకే సంతకానికి ముందు చదవండి, చదువు రాకపోతే తెలిసినవాళ్లతో చదివించుకోండి. లెక్క కాగితం చేతికి తీసుకోండి.

ఇకమీదట ఎవరైనా 'నీకు క్యాన్సిల్' అంటే, 'ఏది క్యాన్సిల్ సార్?' అని ఒక్కమాట అడుగుదాం.