చీనీ మొదట్లో పచ్చ పొర: తెగులు కాదు, తేమకు గుర్తు

చీనీ చెట్టు మొదట్లో మెత్తటి పచ్చ పొర కనబడగానే ఏ తెగులు తగిలిందోనని మందు కొట్టాలనిపిస్తుంది. తొందరపడొద్దు. పాత గోడల మీద, బావి గట్టున కూడా ఇలాంటి పొరే చూస్తుంటాం. అన్నింటినీ ‘పాచి’ అనేస్తాం గానీ, ఇందులో మాస్ అనే చిన్న మొక్కలూ ఉంటాయి.

పాచి వేరు, మాస్ వేరు

నీళ్లలో జిగటగా ఉండే పాచికి కాండం, ఆకులు ఉండవు. మాస్‌కు చిన్న కాండం, సన్నటి ఆకులు ఉంటాయి. వేర్లు, పూలు, గింజలు లేవు. నూలుపోగుల్లాంటి వాటితో పట్టుకుని ఉంటుంది. కాడ చివరి తిత్తిలోంచి పొడిలాంటి సిద్ధబీజాలు రాలి వ్యాపిస్తుంది. మసాలాలో వేసే రాతిపువ్వు మాస్ కాదు, అది లైకెన్.

ఎండకు చావని కుటుంబం

మాస్‌లలో పోటియేసీ చాలా పెద్ద కుటుంబం. ఇందులో సుమారు 1,400 జాతులున్నాయి. హయోఫిలా, బార్బులా, టోర్టులా దీని ప్రజాతులే. వీటిలో చాలావాటికి సున్నపు రాయి, సున్నం గోడలంటే ఇష్టం. మన కడప నాపరాయి కూడా సున్నపు రాయే. ఎండకు ఆకులు మెలిపడి ముడుచుకుంటాయి. నీళ్లు చిలకరిస్తే నిమిషాల్లో విచ్చుకుంటాయి. ఆకు కణాల మీది బుడిపెలు, తిత్తి మూతి దగ్గర పేనిన దారాల్లాంటి పళ్లు చూసి శాస్త్రజ్ఞులు వీటిని వర్గీకరిస్తారు. ఇందుకు మైక్రోస్కోపు కావాలి. 1993లో రిచర్డ్ జాండర్ ఈ ప్రజాతులపై పెద్ద గ్రంథం వెలువరించారు. తర్వాత డి.ఎన్.ఎ. పరీక్షలతో కొన్నింటి స్థానాలు మారాయి.

రైతు ఏం చేయాలి?

ఏ కుటుంబానిదైనా మాస్ చెట్టు రసం పీల్చదు. దానికోసం మందు కొట్టడం డబ్బు దండగ. అయితే మొదట్లో దట్టంగా పెరిగిందంటే అక్కడ తడి ఆరడం లేదన్నమాట. ఆ తడే బంక తెగులుకు దారి. పాదులో నీళ్లు మొదలుకు తగలకుండా చెట్టు చుట్టూ మట్టి ఎగదోసి, దాని బయట మరో గట్టు వేసి, రెంటి మధ్యనే నీళ్లు పెట్టాలి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు. బంక కారుతుంటే చెడిన బెరడు గీకేసి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం విడివిడిగా ఐదేసి లీటర్ల నీళ్లలో కలిపి, తర్వాత రెంటినీ కలపాలి. ఇనుప పాత్ర వాడొద్దు.

గట్ల మీది మాస్ మట్టిని పట్టి ఉంచుతుంది, గీకేయొద్దు. దిగుడు బావి మెట్ల మీద మాత్రం వానాకాలం రాకముందే చీపురుతో రుద్ది తీసేయండి. అక్కడ కాలు జారితే ప్రాణానికే ముప్పు.