గీజర్‌కీ ఊపిరాడాలి!

మా సంగంలో స్విమ్మింగ్ పూల్ అంటే పెన్నే. దాన్ని వెచ్చబెట్టుకోవాలన్న ఆలోచన ఊళ్లో ఎవరికీ రాదు. ఆ పని సూర్యుడు ఫ్రీగా చేసి పెడతాడు. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది, ఇంకా హీటర్ ఎందుకు?

అందుకే టెక్సాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు వీడియో కాల్‌లో "పూల్ చూడండి పిన్నీ" అనగానే మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ ముందుకొచ్చింది, పూలమొక్కలనుకుని. కనబడింది నీలం నీళ్ల తొట్టి. దాని పక్కనే బుడగలొచ్చే చిన్న తొట్టి, అదే స్పా. గోడవారన బీరువాలో సగమంత ఇనుప పెట్టె. నా కళ్లు మాత్రం ఆ పెట్టె మీదే ఉన్నాయి. నేను గీజర్లు బిగించేవాణ్ని. బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఆత్మకూరు దాకా నేను చూసిన బాత్రూముల లెక్క చెప్తే మీరు నవ్వుతారు.

"అన్నా, దాని మాన్యువల్ వాట్సాప్‌లో పెట్టు" అన్నా. రెండు రాత్రుళ్లు కూర్చుని చదివా. గ్యాస్‌తో నడిచే పెద్ద పూల్ హీటర్ 4 లక్షల బీటీయూ దాకా ఉంటుంది. మన లెక్కలో దాదాపు 117 కిలోవాట్లు. మన బాత్రూం గోడకు తగిలించే గ్యాస్ గీజర్ 10, 12 కిలోవాట్లు. అంటే సుమారు పది గీజర్లు ఒక్క పెట్టెలో మండుతున్నట్టు. సైజు మారిందే గానీ లోపలి సంగతి ఒక్కటే. కింద మంట, పైన రాగి గొట్టాలు, గొట్టాల్లో పరిగెత్తే నీళ్లు.

ముందు నీళ్లు, తర్వాతే మంట

పూల్ హీటర్‌కి మొదటి రూల్ ఇది. పంపు ఆన్ చేసి, నీళ్లు తిరుగుతున్నాయని చూసుకున్నాకే హీటర్ వెయ్యాలి. ఆపేటప్పుడు రివర్స్. ముందు హీటర్ ఆపి, పంపుని ఇంకాసేపు తిరగనివ్వాలి. ఎంతసేపన్నది మోడల్‌ని బట్టి మాన్యువల్‌లో ఉంటుంది. మంట ఆరినా రాగిలో వేడి ఉంటుంది కదా, దాన్ని నీళ్లు లాగేసుకోవాలి. లేదంటే ఆగిన నీళ్లు లోపలే మరిగి గొట్టాలు దెబ్బతింటాయి. ఫిల్టర్‌లో ఆకులు, చెత్త పేరుకున్నా నీళ్ల వేగం తగ్గిపోతుంది. అప్పుడు లోపలుండే స్విచ్ హీటర్‌ని వెలగనివ్వదు. మా అన్న "పాడైంది" అని మెకానిక్‌ని పిలిస్తే, ఆయన వచ్చి ఫిల్టర్ కడిగి బిల్లు వేసి పోయాడంట.

ఇంకోటి క్లోరిన్. క్లోరిన్ బిళ్లల్ని నీళ్లు లోపలికి లాగే స్కిమ్మర్ బుట్టలో పడేస్తుంటారు. పంపు ఆగినప్పుడు ఆ ఘాటు నీళ్లు హీటర్లోకి చేరి రాగిని తినేస్తాయి. అందుకే క్లోరిన్ కలిపే పరికరం హీటర్ దాటాకే ఉండాలి. నీళ్ల పీహెచ్ 7.2కీ 7.8కీ మధ్య ఉంచాలి. అక్కడ రాగిని ఆమ్లం తింటే, మనకి బోరు నీళ్ల సున్నం పట్టేస్తుంది. కరెంటు గీజర్ విప్పితే లోపలి కాయిల్ తెల్లగా పెంకు కట్టి ఉంటుంది. ఆ పెంకు వేడిని నీళ్లలోకి పోనివ్వదు. స్విచ్ వేసి అరగంటైనా నీళ్లు కాగడం లేదంటే చాలా ఇళ్లలో కారణం ఇదే. ఏడాదికోసారి విప్పించి కడిగించుకోండి, మెగ్నీషియం రాడ్ అరిగిపోతే మార్పించుకోండి.

స్పా నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదంటారు అమెరికాలో. గర్భిణులు, చిన్న పిల్లలు అంత వేడిలో కూర్చోకూడదు. మందు కొట్టి దిగడం అసలొద్దు, మత్తులో నిద్రపట్టి మునిగిపోయే ప్రమాదం ఉంది. మనకి స్పా లేదులే అనుకోవద్దు. గీజర్ థర్మోస్టాట్ 60లో ఉంటే చన్నీళ్లు కలపకుండా ఒంటి మీద పోసుకోకూడదు. అలాగని మరీ తగ్గించి గోరువెచ్చగా నిల్వ ఉంచితే అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది.

ఒక ఛాంపియన్ కథ

ఇక అసలు విషయం. వైటస్ గెరులైటిస్ అనే అమెరికన్ టెన్నిస్ ఆటగాడు ఉండేవాడు. 1977లో ఆస్ట్రేలియన్ ఓపెన్ సింగిల్స్ గెలిచాడు. 1994 సెప్టెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని సౌతాంప్టన్‌లో ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లి, గెస్ట్‌హౌస్‌లో పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. వయసు 40. అక్కడి స్విమ్మింగ్ పూల్ హీటర్‌ని సరిగ్గా బిగించకపోవడంతో దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆ గదిలోకి చేరింది. హీటర్ పనిచేస్తూనే ఉంది, నీళ్లు కాగుతూనే ఉన్నాయి. తేడా అంతా పొగ పోయే దారిలోనే.

ఇది చదివాక నాకు మా వైపు బాత్రూములే కళ్లముందు తిరిగాయి. నవంబరు, డిసెంబరు వచ్చిందంటే మాకు వానలు, వాటితో పాటు దోమలు. వెంటిలేటర్‌కి ప్లాస్టిక్ కవరో, అట్టముక్కో అడ్డం పెడతారు. లోపలే గ్యాస్ గీజర్. తలుపు గడియ.

ఒక లెక్క చెప్తా. కిలో ఎల్పీజీ పూర్తిగా మండాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. గ్యాస్ గీజర్ ఫుల్‌లో పెడితే గంటకి కిలో దాకా తాగేస్తుంది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూంలో ఉన్న గాలి మొత్తం ఐదున్నర ఘనపు మీటర్లే. అంటే పది నిమిషాల స్నానంలో గీజర్ అందులో 40 శాతం గాలిని వాడేసుకుంటుంది. మిగిలింది మీకూ, దానికీ. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగ్గా మండదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రంగుండదు, వాసనుండదు.

"గ్యాస్ లీకైతే వాసనొస్తది కదన్నా" అని ప్రతి ఇంట్లో అడుగుతారు. వచ్చేది లీకైన గ్యాస్ వాసన. దానికోసమే కంపెనీలు ఘాటు వాసన కలుపుతాయి. మండాక వచ్చే పొగలో ఆ వాసన ఉండదు. తలనొప్పి, కళ్లు తిరగడం, కాళ్లలో సత్తువ పోవడం ఇవే గుర్తులు. వేణ్ణీళ్ల ఆవిరికి అలా ఉందిలే అనుకునేలోపే గడియ తీసే శక్తి ఉండదు. 2023 హోలీ రోజుల్లో ముంబై ఘాట్కోపర్‌లో ఒక జంట, ఘజియాబాద్ జిల్లా మురాద్‌నగర్‌లో ఇంకో జంట బాత్రూముల్లోనే చనిపోయారు. రెండు చోట్లా అనుమానం గ్యాస్ గీజర్ మీదే.

అందుకే నేను బాత్రూం లోపల గ్యాస్ గీజర్ బిగించను. బయట గోడకో, గాలి ఆడే వరండాలోనో పెట్టి, వేణ్ణీళ్ల పైపు మాత్రం లోపలికి లాగుతా. పైపు ఖర్చు పెరుగుతుందని కొందరు వేరేవాళ్లని పిలుచుకుంటారు. పిలుచుకోనీ. ఇప్పటికే లోపల ఉంటే దాన్ని బయటికి మార్పించండి. మార్పించేదాకా తలుపు తీసిపెట్టి బకెట్ నింపుకుని, గీజర్ ఆపేశాకే స్నానానికి వెళ్లండి. మంట నీలంగా ఉండాలి, పసుపు తిరిగితే ఆపేసి మెకానిక్‌ని పిలవండి. ఒకరి తర్వాత ఒకరు వరసగా దూరొద్దు, మధ్యలో గాలి ఆడనివ్వండి. పండగ రోజు ఇంటినిండా చుట్టాలుంటే జరిగేది సరిగ్గా అదే.

కరెంటు గీజర్‌కి ఈ పొగ గొడవ లేదు. దానికి కావాల్సింది ఎర్త్. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి చిన్న సాకెట్లో దూర్చే మహానుభావుల్ని చూశా. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, కరెంటు ఒంట్లోకి పోగానే సప్లై దానంతటదే తెగిపోతుంది. హాస్టల్ రూముల్లో బకెట్లో పెట్టే హీటర్ రాడ్డుకైతే ఇది మరీ అవసరం. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టి చూడాలి. ఖర్చంటారా, 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగడానికి సుమారు 20 నిమిషాలు, ముప్పావు యూనిట్ లోపు కరెంటు.

లోపలికి వెళ్లినవాళ్లు పిలిస్తే పలక్కపోతే ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు. ముందు గ్యాస్ కట్టెయ్యండి, తలుపు పగలగొట్టండి, మనిషిని బయటి గాలిలోకి లాగండి. మీరు మాత్రం లోపల నిలబడొద్దు. వెంటనే 108కి కొట్టి, "గ్యాస్ గీజర్" అన్న రెండు మాటలు తప్పకుండా చెప్పండి. వచ్చేవాళ్లు ఆక్సిజన్ సిద్ధంగా పెట్టుకుంటారు.