పడుకున్నాడులే, లేపకండి

ఎల్బీ నగర్‌లో మేము కూడుకునే సంఘంలో ఆదివారం ఆరాధనకు ప్యాడ్స్ వాయించే యౌవనస్థుడు ఒకడున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి వైర్లు కలిపి, మైకులు సరిచూసి, కుర్చీలు వేసేవాళ్ళకు కూడా ఒక చేయి వేస్తాడు. ఆమధ్య ఒక ఆదివారం నల్లటి టీషర్టు వేసుకొచ్చాడు. దానిమీద లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బృందం పేరు, కింద రెక్కల మనిషి బొమ్మ. గుమ్మంలోనే సంఘపెద్ద ఒకాయన ఆపేశారు. సాతానును కొలిచేవాళ్ళ బొమ్మ వేసుకుని దేవుని సన్నిధికి వస్తావా అని గట్టిగానే అన్నారు. పిల్లవాడి ముఖం చిన్నబోయింది. "అంకుల్, వాళ్ళ డ్రమ్స్ విని నేర్చుకున్నాను, అంతకంటే నాకేం తెలియదు" అన్నాడు. ఎవరో స్కూటర్ డిక్కీలోంచి చొక్కా తీసిస్తే పైన తొడుక్కుని వాయించాడు.

ఆరాధన అయ్యాక టీ దగ్గర ఆ వాదన మళ్ళీ లేచింది. మందిరంలో గిటార్లు, డ్రమ్స్ ఉండవచ్చా అనేది మన సంఘాల్లో ఎప్పటికీ తెగని పంచాయితీ. హార్మోనియం, తబలాతో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడితే చాలదా అని ఒకరు, 150వ కీర్తనలో తాళాలు లేవా అని ఇంకొకరు. మేము ఎవరి పక్షమూ పట్టలేదు. ఇంటికొచ్చి, ఆ టీషర్టు మీది మనుషులెవరో, వాళ్ళకేమైందో చదవడం మొదలుపెట్టాం. చదివింది ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. కారణం మాత్రం ఆ పెద్దాయన అనుకున్నది కాదు.

1968లో లండన్‌లో నలుగురు యువకులు కలిసి కట్టిన బృందమిది. జిమ్మీ పేజ్ గిటార్, రాబర్ట్ ప్లాంట్ గాత్రం, జాన్ పాల్ జోన్స్ బేస్ గిటార్, కీబోర్డ్, జాన్ బోన్‌హామ్ డ్రమ్స్. అయిదేళ్ళు తిరక్కుండానే ప్రపంచంలో వాళ్ళంత పేరున్న బృందం మరొకటి లేదన్నంతగా ఎదిగారు. 1973 మే 5న అమెరికాలోని టాంపా నగరంలో వాళ్ళ కచేరీకి 56,800 మంది వచ్చారు. 1965లో బీటిల్స్ పేరుమీద ఉన్న రికార్డు ఆరోజు చెరిగిపోయింది. ఒక్క అమెరికాలోనే వాళ్ళ ఆల్బమ్‌లు పది కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చి మన వాద్యకారులతో కలిసి తమ పాటలు రికార్డు చేసి చూసుకున్నారు కూడా.

పేరుతోపాటు డబ్బు, డబ్బుతోపాటు మిగిలినవన్నీ వచ్చాయి. 1973లోనూ 1975లోనూ వాళ్ళు ఊరూరూ తిరగడానికి స్టార్‌షిప్ అనే బోయింగ్ విమానాన్ని అద్దెకు తీసుకున్నారు. అందులో బార్ ఉండేది, నీళ్ళ పరుపు వేసిన పడకగది ఉండేది. లాస్ ఏంజెలెస్‌లో వాళ్ళు దిగే హయత్ హోటల్‌కు అల్లర్ల హోటల్ అని పేరే పడిపోయింది. కిటికీల్లోంచి టీవీలు కిందికి విసిరేయడం, గదులు ధ్వంసం చేసి పొద్దున్నే బిల్లు కట్టేయడం వాళ్ళకు వినోదం. 1973లో న్యూయార్క్‌లోని హోటల్ లాకర్లోంచి వాళ్ళ నగదు సుమారు రెండు లక్షల డాలర్లు మాయమైంది. ఆ హోటళ్ళ చుట్టూ తిరిగిన ఆడపిల్లల్లో స్కూలు వయసు దాటనివాళ్ళు కూడా ఉన్నారు. ఆనాటి పత్రికలు దాన్ని కూడా సరదాగానే రాసుకున్నాయి. ఆ పిల్లల తల్లిదండ్రులు ఏమయ్యారో రాసినవాళ్ళు తక్కువ.

వీళ్ళ గురించి చెప్పుకునే కథల్లో గోరంతను కొండంత చేసినవి చాలా ఉన్నాయి. 1985లో వచ్చిన 'హ్యామర్ ఆఫ్ ది గాడ్స్' అనే పుస్తకం అలాంటి కథలతో బాగా అమ్ముడైంది. బృందంవాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. కాబట్టి కోర్టులోనూ మరణ విచారణలోనూ తేలిన సంగతుల దగ్గరే ఆగుదాం. అవే చాలు.

1977 జూలై 23న ఓక్లండ్‌లో కచేరీ. మేనేజర్ పీటర్ గ్రాంట్ చిన్న కొడుకు డ్రెస్సింగ్ రూమ్ తలుపుమీది బోర్డు కావాలన్నాడు. అక్కడి ఉద్యోగి ఇవ్వనన్నాడు. ఆ మాత్రానికే మేనేజరు, బోన్‌హామ్, మరి ఇద్దరు కలిసి అతణ్ణీ తోటివాళ్ళనూ కొట్టారు. అరెస్టులయ్యాయి, కేసు నడిచింది, చివరికి జరిమానాతో, అమలు కాని జైలుశిక్షతో బయటపడ్డారు. సరిగ్గా మూడు రోజుల తర్వాత, జూలై 26న, ఇంగ్లండ్‌లో ప్లాంట్ అయిదేళ్ళ కొడుకు కడుపుజబ్బుతో చనిపోయాడు. ఆ పర్యటన అంతటితో ఆగిపోయింది. ఆ పసివాడి అంత్యక్రియలకు తోటి సభ్యుల్లో వెళ్ళి ప్లాంట్ పక్కన నిలబడినవాడు బోన్‌హామ్ ఒక్కడే. కొద్ది రోజుల క్రితం మనిషిని కొట్టినవాడే అతడు. ప్లాంట్ ఆ దుఃఖంలోంచి తేరుకోవడానికి కూడా బోన్‌హామ్ కుటుంబమే ఆసరా అయింది. అతణ్ణి రాక్షసుడని తీసిపారేద్దామని మేము చదవడం మొదలుపెట్టాం గానీ ఇక్కడికొచ్చాక అలా అనలేకపోయాం.

ఈ బోన్‌హామ్ పెద్దింటి బిడ్డ కాదు. రెడిచ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. నాన్న ఇళ్ళు కట్టే పని చేసేవాడు, కొడుకు కూడా ఆ పనిలో ఇటుకలు మోశాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక పొలం. ఇల్లు వదలాలంటే బెంగ, విమానమెక్కాలంటే భయం. ఆ బెంగకూ భయానికీ అతడు కనిపెట్టిన మందు సీసాలో ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళకు అది తమాషాగా కనిపించింది. తాగితే వీడొక మృగం అని నవ్వుకుని ఆ పేరే తగిలించారు. 1980 జూన్ 27న జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మూడో పాటకే వేదికమీద కుప్పకూలాడు. అయినా అక్టోబరులో అమెరికా పర్యటన ఖాయం చేశారు.

దాని రిహార్సల్‌కని 1980 సెప్టెంబరు 24 ఉదయం బయల్దేరాడు. దారిలో టిఫిన్‌తోపాటే నాలుగు పెద్ద గ్లాసుల వోడ్కా, మన లెక్కలో పదహారు చిన్న పెగ్గులు. రిహార్సల్ దగ్గర కూడా ఆపలేదు. రాత్రి అందరూ విండ్సర్‌లోని పేజ్ ఇంటికి చేరారు. అర్ధరాత్రి దాటాక ఒళ్ళు తెలియకుండా నిద్రపోతే మోసుకెళ్ళి పక్కకు తిప్పి పడుకోబెట్టారు. మరునాడు మధ్యాహ్నం దాకా ఎవరూ లేపలేదు. జోన్స్, ఇంకో ఉద్యోగి వెళ్ళి చూసేసరికి ప్రాణం లేదు. ఒక పగలు, ఒక రాత్రిలో దాదాపు 40 పెగ్గులు తాగాడని, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయాడని విచారణలో తేల్చారు. వయసు 32. కొడుకు జేసన్‌కు అప్పుడు 14. డిసెంబరు 4న మిగతా ముగ్గురూ ఇక బృందం లేదని ప్రకటించారు.

అదే 1980 ఫిబ్రవరి 19న లండన్‌లో ఏసీడీసీ బృందం గాయకుడు బాన్ స్కాట్ తాగి కారులోనే నిద్రపోయాడు. వెంట ఉన్న స్నేహితుడు లేపబోయి, లేవకపోతే అక్కడే పడుకోనిచ్చి ఇంట్లోకి వెళ్ళాడు. స్కాట్ మళ్ళీ లేవలేదు. వయసు 33. అంతకు రెండేళ్ళ ముందు, 1978 సెప్టెంబరు 7న, ద హూ బృందం డ్రమ్మర్ కీత్ మూన్. హోటళ్ళ మరుగుదొడ్లలో టపాసులు పేల్చినవాడని లోకమంతా నవ్వుకున్న మనిషి. తాగుడు మానడానికి డాక్టరు ఇచ్చిన మాత్రలనే 32 మింగి నిద్రలోనే పోయాడు. అతనికీ 32 ఏళ్ళే.

ఇంత జరిగాక మన విశ్వాసులు ఏం చేశారో కూడా చదివాం. 1980ల మొదట్లో అమెరికాలో కొందరు బోధకులు ఈ బృందం పాటను వెనకనుంచి తిప్పి వింటే అందులో సాతాను స్తుతి వినిపిస్తుందని ప్రచారం చేశారు. 1982లో కాలిఫోర్నియా శాసనసభ కమిటీ ముందు కూడా ఆ పాటను తిరగేసి వినిపించారు. పేజ్‌కు మంత్రతంత్రాల పుస్తకాల పిచ్చి ఉన్నమాట నిజమే, దాన్ని మేము వెనకేసుకురావడం లేదు. కానీ ఆ ఇంట్లో మనిషిని చంపింది తిరగేసిన పాట కాదు. అందరికీ కనిపించేట్టు బల్లమీద పెట్టిన వోడ్కా సీసా. చెవులు రిక్కించి దాగిన దయ్యాన్ని వెదికినవాళ్ళు ఆ సీసావైపు చూసినట్టు లేదు.

ఈ మాట రాస్తుంటే మా చేయి ఆగింది. ఎందుకంటే మా సంఘంలో కూడా ఒక అన్న ఉండేవాడు. చాలా ఏళ్ళ క్రితం సంగతి. ఢోలక్ వాయించేవాడు. క్రిస్మస్ నెలలో ఇంటింటికీ క్యారల్స్‌కు వెళ్తే ఆయన ఢోలక్ వినే జనం తలుపులు తీసేవాళ్ళు. సాయంత్రమయ్యేసరికి వాసన వచ్చేది. మాకందరికీ తెలుసు. ఫోటోల్లో వెనక నిలబెట్టేవాళ్ళం, ప్రార్థన చేయమని అడిగేవాళ్ళం కాదు. ఒక రాత్రి క్యారల్స్ మధ్యలోనే తూలితే మాలో ఇద్దరం ఆటోలో ఇంటికి చేర్చి మంచంమీద పడుకోబెట్టాం. గురక పెడుతున్నాడు. వదినకు ధైర్యం చెప్పాం: "పడుకున్నాడులే, లేపకండి, పొద్దున్నకల్లా సర్దుకుంటుంది." తర్వాతి ఇంటి పాటకు ఆలస్యమవుతోందని వచ్చేశాం. తెల్లవారుజామున వదిన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. సమాధి కార్యక్రమంలో గుండెపోటు అని చెప్పుకున్నాం. కుటుంబం పరువు కోసమని అనుకున్నాం గానీ, మా పరువు కోసం కూడా అని ఇప్పుడు తోస్తోంది.

ఆ రాత్రి మాకు తెలియని సంగతి ఇది. తాగడం ఆపి పడుకున్నాక కూడా కడుపులో ఉన్న మద్యం రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. అంటే పడుకోబెట్టిన గంట తర్వాత మత్తు ఇంకా పెరగవచ్చు. గొంతుకు అడ్డం పడినదాన్ని దగ్గి బయటికి పంపే శక్తి మొద్దుబారుతుంది. గొంతులో గరగరమనే చప్పుడును మనం మంచి గురక అనుకుంటాం. పిలిచినా గిల్లినా పలకకపోతే, ఊపిరి బాగా నెమ్మదించి మధ్యమధ్యలో ఆగుతుంటే, పెదవులు నీలం తిరిగితే, ఒళ్ళు చల్లబడితే అది నిద్ర కాదు, 108కి ఫోన్ చేయాలి. వెల్లకిలా పడుకోనివ్వకూడదు, పక్కకు తిప్పి మోకాలు మడిచి పెట్టాలి. బోన్‌హామ్‌ను పక్కకు తిప్పే పడుకోబెట్టారు మరి, అదొక్కటే సరిపోదు. ఒకరు పక్కన కూర్చోవాలి. కాఫీలు తాగించడం, నెత్తిన చన్నీళ్ళు పోయడం పనికిరావు.

ఇంకొకటి కూడా మన సంఘాల్లో చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు కూటాల్లో తీర్మానం చేసుకుని ఒక్కసారిగా మానేస్తే రెండో మూడో రోజు చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపిస్తాయి. దయ్యం పట్టిందని పాస్టరుగారి దగ్గరికి తీసుకొస్తారు. ప్రార్థించండి, కానీ ఆసుపత్రికి తీసుకెళ్ళి ప్రార్థించండి. అది ప్రాణం తీసే స్థితి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో మాన్పించే చికిత్స ఉంది. 14446 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటాలు మన నగరంలో జరుగుతాయి, అక్కడ పేరు చెప్పనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు.

లూకా సువార్త పదో అధ్యాయంలోని సమరయుని కథ మనమంతా చిన్నప్పుడే నేర్చుకున్నాం. గాయాలు కట్టాడు, గాడిదమీద ఎక్కించాడు, సత్రానికి చేర్చాడు. సండే స్కూల్లో మేము పిల్లలకు చెప్పేది అక్కడిదాకానే. మొన్న మళ్ళీ చదివితే ఒక చిన్న మాట కళ్ళబడింది. సత్రంవాడికి డబ్బిచ్చి అతడు బయల్దేరింది మరునాడు. ఆ రాత్రంతా అక్కడే ఉన్నాడన్నమాట. ఆటో దిగి పాటకు వెళ్ళిపోలేదు.

పోయిన నెల ఆ ప్యాడ్స్ అబ్బాయిని పక్కకు పిలిచి, టీషర్టు విషయంలో పెద్దాయన మాటకు బాధపడవద్దని చెప్పాం. బోన్‌హామ్ కథ కూడా చెప్పాం. తన హీరో ఎలా పోయాడో వాడికి తెలియదు. 2025లో ఆ బృందం మీద వచ్చిన డాక్యుమెంటరీ చూశాడట, అది 1970 దగ్గరే ఆగిపోతుంది. 2007లో ఆ ముగ్గురూ లండన్‌లో ఒక్క రాత్రికి కలిసి వాయించినప్పుడు డ్రమ్స్ దగ్గర కూర్చున్నది జేసన్ అని మాత్రం వాడే మాకు చెప్పాడు. రషాక్ అనే పల్లెలో చర్చి ఆవరణలో ఉన్న బోన్‌హామ్ సమాధి రాయి దగ్గర అభిమానులు ఇప్పటికీ డ్రమ్ కర్రలు వదిలి వెళ్తారని మేము చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత నెమ్మదిగా అడిగాడు. "అంకుల్, మా రూమ్మేట్ ఒకడు ప్రతి శనివారం వైన్స్‌లో తాగొచ్చి పడిపోతాడు. మేము తలుపు దగ్గరికి వేసి సినిమాకు వెళ్ళిపోతాం. ఎటు తిప్పి పడుకోబెట్టాలన్నారు?" అక్కడే కుర్చీలు జరిపి, నేలమీద పడుకుని చూపించాం. వాడు ఫోన్లో 108, 14446 రాసుకుంటుంటే, ఆరోజు గుమ్మంలో ఆపిన పెద్దాయన వచ్చి మా పక్కనే నిలబడ్డారు. "ఊపిరి ఎంతసేపటికొకసారి చూడాలి?" అని ఆయన కూడా అడిగారు.